చౌడు నేలకు 50 కిలోల జిప్సం బస్తా: గడ్డ పంటల రైతు కొనవచ్చా?

సరుకు మంచిదే. కొనకూడని చేనుకు కొంటే మాత్రం డబ్బు నేలపాలు.

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు నల్లరేగళ్లలో చౌడు రెండు రకాలు. మరాఠీలో ఖారవట్ అనేది మన తెల్ల చౌడు: ఉప్పు పేరుకుని ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటుతుంది, పీహెచ్ 8.5 లోపే ఉంటుంది. దీనికి మంచినీళ్లు, అవి బయటికి పోయే కాలువ కావాలి, జిప్సం అక్కర్లేదు. చోపణ్ అనేది కారు చౌడు. ఇక్కడ పీహెచ్ 8.5 పైనే. సోడియం మట్టిరేణువులను విడదీస్తుంది కాబట్టి నేల తడిస్తే జిగట, ఎండితే రాయి. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుంది.

ఎండిన మట్టిపెళ్లను శనగ గింజంత తీసి, గ్లాసు వాననీళ్లలో వేసి కదపకుండా ఉంచండి. మర్నాటికి చుట్టూ పాలలాంటి మబ్బు కడితే చోపణ్ అనుకోవచ్చు. బోరు నీళ్లతో ఈ పరీక్ష చెల్లదు. ఉప్పు కూడా బాగా ఉన్న చేనైతే సోడియం ఉన్నా నీళ్లు తేటగానే కనిపిస్తాయి, అందుకే మట్టి పరీక్ష తప్పదు. ల్యాబ్‌లో 'జిప్సం అవసరం' అంకె విడిగా అడగండి. మామూలు భూసార కార్డులో అది ఉండదు.

ఇక బస్తా సంగతి. ధర కంటే ముందు జిప్సం స్వచ్ఛత శాతం చదవాలి. రిపోర్టులో హెక్టారుకు 10 టన్నులని వస్తే, పై 15 సెంటీమీటర్లకు అందులో సగం సాధారణంగా సరిపోతుంది, అంటే ఎకరానికి 2 టన్నులు. అది స్వచ్ఛమైన జిప్సం లెక్క. 70 శాతం సరుకైతే 57 బస్తాలు పడతాయి, 85 శాతమైతే 47 చాలు. ఆ పది బస్తాల కిరాయి, కూలీ కూడా ధరలో భాగమే. తడి బస్తా కొంటే నీళ్లను తూకం వేయించుకున్నట్టే. కల్తీ అనుమానముంటే 2 గ్రాముల పొడిని లీటరు వాననీళ్లలో రోజంతా మధ్యమధ్య కలపండి. మంచి జిప్సం చాలావరకు కరిగిపోతుంది, సున్నపురాయి పొడి, ఇసుక అడుగునే ఉంటాయి.

వేయాల్సింది వానలకు ముందు, మే చివర్లో. చేను చదును చేసి, ఒడ్లు కట్టి, పొడి చల్లి గుంటకతో పై 10 సెంటీమీటర్లలోనే కలపాలి. లోతుగా దున్నితే మందు పలచబడుతుంది. తర్వాత నీళ్లు నిలిచి కిందికి దిగాలి. విడిపోయిన సోడియం కడిగి పోకపోతే వేసినదంతా దండగ. చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే: జిప్సం వేస్తారు, మురుగు కాలువ తీయరు.

ఈ బస్తా చేయలేని పని ఇంకోటుంది. ఏళ్ల తరబడి రోటవేటర్ తిరిగితే కింద గట్టి పొర కడుతుంది. దాన్ని జిప్సం విరవలేదు. ఇనుప చువ్వ గుచ్చి ఎక్కడ ఆగుతుందో చూడండి. నేల పూర్తిగా ఎండినప్పుడు, జిప్సం చల్లకముందే, ఆ పొర కిందిదాకా సబ్‌సాయిలర్ (నేలను లోతుగా చీల్చే నాగలి) దింపాలి. తడిలో దింపితే పళ్లు మట్టిని విరవకుండా మెత్తుకుంటూ పోతాయి. క్యారెట్ రెండుగా చీలడానికి ఈ పొర ఒక కారణం, మాగని పేడ ఎరువు ఇంకోటి.

తొలి యాసంగిలోనే క్యారెట్ జోలికి పోవద్దు, ఈసీ 1 దాటగానే దిగుబడి పడిపోతుంది. ముల్లంగికి హద్దు 1.2, చిలగడదుంపకు 1.5. బీట్‌రూట్ 4 వరకు తట్టుకుంటుంది, మొలక దశలో మాత్రం అదీ సున్నితమే. ఇవి సంతృప్త మట్టి రసంలో (మట్టిని నీళ్లతో ముద్దగా తడిపి లాగిన రసంలో) తీసిన ఈసీ అంకెలు. ల్యాబ్ ఒక పాలు మట్టికి రెండు పాళ్లు నీళ్లు కలిపి తీస్తే అంకె తక్కువగా కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. నీళ్ల పరీక్షలో ఆర్‌ఎస్‌సీ (నీళ్లలో మిగులు సోడియం కార్బొనేట్ లెక్క) 2.5 దాటిన బోరుతోనే తడిపితే చేను మళ్లీ చోపణ్ అవుతుంది, బస్తాలూ మళ్లీ కొనాల్సిందే.