ముఖం చూసి ఎంచడమా, పని చూసి ఎంచడమా

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుకు గుమస్తాను పెట్టుకోవాలంటే రైతుకు రెండు దారులున్నాయి: మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అంచనా వేయడం, లేదా ముఖం చూడకముందే పని ఇచ్చి చూడడం. మొదటిది త్వరగా తేలుతుంది; చిక్కంతా ఆ త్వరలోనే ఉంది. మనస్తత్వ పరిశోధకులు జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలియని ముఖాన్ని 100 మిల్లీసెకన్లు చూపినా నమ్మదగినవాడా కాదా అన్న అభిప్రాయం ఏర్పడిపోయింది. వ్యవధి పెంచినప్పుడు తీర్పులు పెద్దగా మారలేదు, వాటిపై ధీమా మాత్రం పెరిగింది. గంటసేపు మాట్లాడి తేల్చాననుకునే రైతు, బహుశా, అభ్యర్థి గుమ్మంలో ఉండగానే తేల్చేసి ఉంటాడు.

రెండో దారిలో దరఖాస్తులపై ఫొటో, పేరు కప్పి, అందరికీ ఒకే చెక్ ట్రే (రొయ్యలు ఎంత తిన్నాయో చూడడానికి మేత వేసి చెరువులో దించే పళ్లెం) లెక్క ఇవ్వాలి: ట్రేలో ఇంత మేత మిగిలితే తరువాతి పూటకు ఎంత తగ్గించాలి, ఎందుకు? జవాబులను పక్కపక్కన పెట్టి మార్కులు వేశాకే మనిషిని పిలవాలి. దీనికి ఒక పూట పోయినా, మేత ఖర్చును చేతిలో పెట్టే ఉద్యోగానికి నేను దీన్నే ఎంచుతాను. నిజాయితీని ఇది కొలవలేదు. ముఖమూ చెప్పదు కనుక, పాత యజమానిని అడగాల్సిందే. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, వచ్చే కూలీలకైతే ఇంత తతంగం అక్కరలేదు.