చాసిస్ నంబరు చదవడం తెలిసిన తనిఖీ: హన్మకొండలో ఒక సేవపై సమీక్ష

సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు బండిని పరిశీలించి నివేదిక ఇచ్చే సేవలు ఇప్పుడు హన్మకొండలోనూ దొరుకుతున్నాయి. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున పేరు రాయడం లేదు గానీ, వాటిలో ఒకరి చేత నేను ఏడు సీట్ల మారుతి పెట్రోలు కారును తనిఖీ చేయించుకున్నాను. రుసుము పదిహేను వందల రూపాయలు. ఇంజిన్, సస్పెన్షన్, ఏసీ, టైర్ల గురించి వారు రాసిచ్చినవన్నీ ఆటోనగర్‌లో చేయి తిరిగిన ఏ మెకానిక్ అయినా చెప్పగలిగినవే. అంతవరకే అయితే ఆ రుసుము ఎక్కువే. చాసిస్ నంబరు, అంటే బండి లోహం మీద పంచ్ చేసిన గుర్తింపు సంఖ్య, విషయంలో వారు పడిన శ్రమ మాత్రం ఇచ్చిన డబ్బుకు తగినది.

బ్రోకర్లు సాధారణంగా ఆర్సీలోని నంబరునే చూపి 'అన్నీ క్లియర్' అంటారు. ఈ తనిఖీదారు ఆర్సీని పక్కన పెట్టి, ముందు ప్యాసింజర్ సీటును వెనక్కి జరిపి, కార్పెట్‌కు ఉన్న చిన్న కోతను ఎత్తి, దుమ్ము పేరుకుపోయిన అక్షరాలను పెట్రోలు గుడ్డతో తుడిచాడు. తర్వాత పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింట్ తీశాడు. ఈ నంబరు అన్ని బండ్లలోనూ ఒకేచోట ఉండదు; కొన్ని కార్లలో బానెట్ కింద ఇంజిన్ వెనుక గోడ మీద, మోటారు సైకిళ్లలో హ్యాండిల్ కింది పైపు మీద ఉంటుంది. డోరు దగ్గరో బానెట్ లోపలో ఉండే ప్లేటును, స్టిక్కరును మార్చడం తేలిక కనుక, లోహంలోకి దిగిన పంచింగునే నమ్మాలని అతను చెప్పిన మాటతో నేను ఏకీభవిస్తాను. అక్షరాల లోతు, ఎడం ఒకే తీరుగా ఉన్నాయా, చుట్టూ గ్రైండింగ్ గీతలు గానీ వెల్డింగ్ అతుకు గానీ కొత్త పెయింటు గానీ ఉందా అని టార్చిలైటు పక్క నుంచి వేసి చూశాడు.

నంబరులో మొత్తం 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఒకటి, సున్నాలతో కలగలిసిపోకుండా ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలను అందులో వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే తప్ప 'ఓ' కాదు. మొదటి మూడు స్థానాలు తయారీదారును తెలుపుతాయి: మారుతి సుజుకికి ఎంఏ3, హ్యుందాయ్ ఇండియాకు ఎంఏఎల్, టాటా మోటార్స్‌కు ఎంఏటీ. పదో స్థానం ఎక్కువగా తయారీ సంవత్సరానికి గుర్తు, అయితే మన దేశంలో ఈ అమరిక కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. నాకు పనికొచ్చింది సరిగ్గా ఇక్కడే. రిజిస్ట్రేషన్ తేదీని చూపించి 2020 మోడల్ అని అమ్మకందారు చెప్పిన బండికి పదో స్థానంలో 'కే' ఉంది, అంటే 2019. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం ఉండే గడి కూడా అదే చెప్పింది. బేరం ఆ తర్వాత మరో రకంగా నడిచింది.

నంబరు ప్లేటును నమ్ముకుని బండి చరిత్ర తెలుసుకోవడం కష్టమన్నది మన జిల్లా వాహనదారులకు కొత్త సంగతి కాదు. ఒకప్పుడు ఏపీ 36, రాష్ట్రం వచ్చాక టీఎస్ 03, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. వేరే రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) మీద వచ్చి మళ్లీ రిజిస్టర్ అయిన బండికైతే ప్లేటే పూర్తిగా కొత్తది. వీటన్నిటి మధ్య మారకుండా నిలిచేది చాసిస్ నంబరే. అందుకే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) పోర్టల్‌లో చోరీ వాహనాల రికార్డుతో సరిచూసి ఎన్‌ఓసీ తీసుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరుతోపాటు చాసిస్, ఇంజిన్ నంబర్లనూ అడుగుతారు. తనిఖీదారు ఈ పనిని నా ఎదుటే చేసి ఆ కాగితాన్ని నివేదికకు జతపరిచాడు. ఫిర్యాదు నమోదు కాని చోరీ అందులో కనిపించదని కూడా అడగకుండానే చెప్పాడు. ఈ నిజాయితీ నాకు నచ్చింది.

ఇక లోపాలు. మొదటిది, కంపెనీ రీకాల్‌ను వారు చూడనే లేదు. మారుతి సుజుకి 2021 సెప్టెంబరులో 1,81,754 పెట్రోలు వాహనాలను మోటార్ జనరేటర్ యూనిట్ పరిశీలన కోసం వెనక్కి పిలిచింది. 2018 మే 4 నుంచి 2020 అక్టోబరు 27 వరకు తయారైన సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 వాటిలో ఉన్నాయి. తమ బండి ఆ జాబితాలో ఉందో లేదో యజమానులు చాసిస్ నంబరుతోనే సరిచూసుకోవాలని కంపెనీ అప్పుడు చెప్పింది. ఆ కాలంలో తయారైన కారును పరీక్షిస్తూ, నంబరును చేతిలో పెట్టుకుని కూడా ఈ ఒక్క పని వదిలేయడం నాకు అర్థం కాలేదు. రెండోది ఇంకా చికాకైనది: ప్రింట్ అంత జాగ్రత్తగా తీసినవారు నివేదికలో టైపు చేసేటప్పుడు చివరి ఆరు అంకెల్లో రెండింటిని తారుమారు చేశారు. ఫోన్ చేస్తే అదే సాయంత్రం సరిచేసి పంపారు గానీ, అసలు టైపు చేయకుండా పెన్సిల్ ప్రింట్ ఫోటోనే నివేదికలో పెట్టడం మేలు.

అసలు ప్రింట్ కాగితాన్ని అడిగితేనే ఇస్తారు కనుక అడిగి తీసుకోండి. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 దాఖలు చేసేటప్పుడు చాసిస్ ప్రింట్ అడిగే అవకాశం ఉంది. అప్పటికి బండి మీ ఇంటి ముందు ఉన్నా, సీటు కింద దూరి రుద్దే ఓపిక మీకు ఉండకపోవచ్చు.