వంటింటి పక్క యుటిలిటీ గది: ఆరేళ్ల వాడకం తరువాత

హైదరాబాద్ శివార్లలో 200 గజాల స్థలంలో కట్టుకున్న మా రెండంతస్తుల ఇంట్లో, వంటగదికి తూర్పున ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న ఒక గదిని అంట్లు తోముకోవడానికి, బట్టలు ఉతకడానికి, వానాకాలంలో ఆరేసుకోవడానికి కలిపి కేటాయించాము. 2019లో గృహప్రవేశం అయిన నాటి నుంచి ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ తడిసేదీ, ఎక్కువ మంది చేతులు పడేదీ ఈ గదే. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు అల్మరా తలుపుల రంగులు ఎంచుకోవడానికి వెచ్చించే సమయంలో సగమైనా ఈ గది నేల కింద పోయే గొట్టాలకు వెచ్చించాలని నా అభిప్రాయం. ఇక్కడ బాగా కుదిరినవన్నీ నీరు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అన్నది ముందే తేల్చుకోవడం వల్ల కుదిరాయి.

వంటగది నేల కంటే ఈ గది నేలను రెండు అంగుళాలు దించి, మధ్యలో గడపగా గ్రానైట్ పట్టీ వేయించాము. నేలకు ఇచ్చిన వాటం 80కి ఒకటి, అంటే పదడుగుల పొడవుకు ఒకటిన్నర అంగుళం పల్లం. స్నానాల గదికి వాటం జాగ్రత్తగా చూసే పనివారు కూడా ఇటువంటి గదిని వరండాతో సమానంగా లెక్కగట్టి ఊరుకుంటారు. మా మేస్త్రీ మాత్రం టైల్స్ అతికించక ముందే సిమెంటు నేల మీద బకెట్ నీళ్లు కుమ్మరించి, అవి జారిపోయాక తడి నిలిచిన చోట్ల చుట్టూ మేకుతో గీత గీసి, ఆరిన తరువాత అక్కడ మళ్లీ మాలు వేశారు. “టైల్ పడినంక వాటం సరిచేయాలంటే పగలగొట్టుడే సార్” అన్నారు. ఆయన పని ఫలితం ఈ రోజుకీ కనిపిస్తోంది: పనమ్మాయి గది కడిగి వెళ్లిన కాసేపటికి నేల మీద చెమ్మ తప్ప నిలిచిన నీరు ఉండదు. టైల్స్ గరుకువి ఎంచుకోవడం వల్ల ఎవరూ జారిపడలేదు గాని, ఆ గరుకులో మురికి పట్టుకుంటుందన్నది నిజం. వారానికొకసారి బ్రష్‌తో రుద్దక తప్పదు.

ఈ గదిలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఏదని అడిగితే, రెండు గొట్టాలు వేరు చేయడమే అంటాను. అంట్ల సింక్ నీరు ఒక గొట్టంలో, వాషింగ్ మెషిన్ నీరు మరొక గొట్టంలో పోయి, బయటి ఛాంబర్‌లో మాత్రమే కలుస్తాయి. ఫ్రంట్‌లోడ్ యంత్రం నీటిని పంపుతో ఒక్క ఉదుటున తోసేస్తుంది కనుక, గొట్టం ఒక్కటే అయితే ఆ నురగ పక్కనున్న సింక్ జాలీలోంచి పైకి పొంగే అవకాశం ఉంటుంది. మా బంధువుల ఫ్లాట్‌లో, కడిగి బోర్లించిన గిన్నెల చుట్టూ సర్ఫు నురగ తేలడం చూశాకే మేము ఈ విషయంలో పట్టుబట్టాము. రెండవ కారణం జిడ్డు. నూనె గిన్నెల జిడ్డు గొట్టం లోపల పేరుకుంటుంది, బట్టల నుంచి వచ్చే నూలు పీచు ఆ జిడ్డుకు అతుక్కుంటుంది, రెండూ కలిసిన గొట్టం త్వరగా పూడుతుంది. మా అంట్ల గొట్టంలో ఏడాదికొకసారైనా బద్ద ఆడించాల్సి వస్తోంది. బట్టల గొట్టానికి ఇంతవరకు ఆ అవసరం రాలేదు.

యంత్రం నేల మీద కాకుండా నాలుగంగుళాల గట్టు మీద ఉంది. నేలకు వాటం ఉన్నప్పుడు యంత్రాన్ని నేరుగా దాని మీద పెడితే కాళ్లు ఎంత తిప్పినా పూర్తిగా మట్టం కాదు; పిండే దశలో అది కదిలిపోతుంది. గట్టు పైభాగానికి వాటం లేకుండా మట్టగోలతో చూసి కట్టించినందువల్ల చప్పుడు భరించగలిగే స్థాయిలోనే ఉంది. యంత్రం బయటికి వదిలే గొట్టం కొనను గోడలో రెండున్నర అడుగుల ఎత్తున అమర్చిన నోట్లో దించాము. ఈ ఎత్తును చాలామంది పట్టించుకోరు. గొట్టం కొన నేల మీద పడేసి ఉంటే, లోపలికి నీరు నిండుతుండగానే సైఫన్ లాగా బయటికి పోవడం మొదలుపెట్టి, యంత్రం ఎంతకీ నిండకుండా తిరుగుతుంది. కొన్న యంత్రం చెడ్డదని తిట్టుకునే ముందు ఈ ఒక్కటి చూసుకోవాలి.

నీటి ఒత్తిడి విషయంలో మాకు ఇబ్బంది లేకపోవడానికి కారణం ట్యాంకు రెండంతస్తుల పైన, గది కింది అంతస్తులో ఉండటమే. మా యంత్రానికి కావలసిన కనీస పీడనం 0.3 బార్, అంటే ట్యాంకు నీటి మట్టం కుళాయి కంటే సుమారు మూడు మీటర్లు పైన ఉండాలి. ఒకే అంతస్తు ఇంట్లో శ్లాబు మీద నేరుగా పెట్టిన ట్యాంకుతో ఇది బొటాబొటిగా సరిపోవచ్చు, లేదా చాలకపోవచ్చు. అక్కడ ట్యాంకుకు దిమ్మె కట్టించడమో, ప్రెషర్ పంపు పెట్టించడమో ముందే అనుకోవాలి.

బోరు నీరు, మున్సిపల్ నీరు రెండూ ఈ గదికి వేర్వేరు లైన్లలో వస్తాయి. బోరు నీటిలోని ఉప్పు ఎంతటిదో సింక్ కుళాయి చెబుతూనే ఉంటుంది: మూతి చుట్టూ తెల్లని పెచ్చు కట్టి, ధార రెండు పాయలుగా చీలుతుంది, నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెడితే గాని వదలదు. ఇదే పెచ్చు యంత్రంలోని హీటర్ కడ్డీ మీద కట్టకూడదనే, యంత్రానికి మున్సిపల్ నీటి లైను ఇచ్చాము. వేసవిలో ఆ నీరు చాలని రోజుల్లో వాల్వు తిప్పి బోరు నీటితో ఉతికితే, సర్ఫు ఎక్కువ పడుతుంది, తువ్వాళ్లు బిరుసెక్కుతాయి.

విద్యుత్తు గురించి క్లుప్తంగా చెబుతాను. నీటిని వేడి చేసుకుని ఉతికే వాషింగ్ మెషిన్ 2000 వాట్ల వరకు తీసుకుంటుంది, అంటే 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్లకు దగ్గరగా. కనుక 6 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు, 16 ఆంపియర్లదే కావాలి. దానిని సింక్‌కు ఎదురు గోడ మీద నాలుగడుగుల ఎత్తున పెట్టించి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, వేయించాము. తడి చేతులతో స్విచ్ ముట్టుకునే గదిలో ఇది ఐచ్ఛికం కాదు.

గ్యాస్ సిలిండర్‌ను యుటిలిటీలో పెట్టి గోడలోంచి పొయ్యికి గొట్టం ఇవ్వడం మన ఇళ్లలో సర్వసాధారణం. మేము అందుకు ఒప్పుకోలేదు. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల బారున పాకి పల్లంలో చేరుతుంది. ఈ గదిలో పల్లమంటే డ్రెయిన్ నోరే, ఆ పక్కనే ఆన్ ఆఫ్ అయ్యే విద్యుత్ యంత్రం. మా సిలిండర్ వంటగది బయటి గోడ దగ్గర, గాలి ఆడే చిన్న కప్పు కింద ఉంటుంది. చినుకుల్లో సిలిండర్ మార్చడం కాస్త చికాకే, అయినా నిర్ణయం మార్చుకోదలచుకోలేదు.

ఉతికే బండ అక్కర్లేదని మా ఆర్కిటెక్ట్ అన్నారు, కావాలని మా అమ్మ పట్టుబట్టింది. అమ్మ మాటే నెగ్గింది. నిలబడి ఉతికేలా రెండున్నర అడుగుల ఎత్తున, నీరు వెనక్కి చిమ్మకుండా మూడు వైపులా గోడకు టైల్స్‌తో, వాలుగా పరిచిన గ్రానైట్ పలక అది. డోర్‌మ్యాట్లు, బురద పట్టిన పిల్లల బూట్లు, చొక్కా కాలర్లు, రంగు వదిలే కొత్త చీరలు అన్నీ దాని మీదికే వస్తాయి. స్థలం ఎంత ఇరుకైనా యుటిలిటీలో బండ ఉండాలనే అంటాను.

ఆరేసే ఏర్పాటుకు మాత్రం సగం మార్కులే. తూర్పు వైపు గ్రిల్‌లోంచి ఉదయపు ఎండ వస్తుంది గాని, యంత్రం పని ముగించేసరికి ఆ ఎండ దాటిపోతుంది. పైకప్పుకు వేలాడదీసిన పుల్లీ దండేలు రోజువారీ బట్టలకు చాలు; దుప్పట్లు మేడ మీదికే వెళ్లాలి. పుల్లీల నైలాన్ తాళ్లు అరిగి ఒకసారి మార్చాల్సి వచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే చాలక గోడ పైభాగం బూజు పట్టడంతో, రెండో ఏట సీలింగ్ ఫ్యాన్ కూడా పెట్టించాము; అప్పటి నుంచి జీన్స్ తప్ప మిగతావి మర్నాటికి ఆరిపోతున్నాయి. గ్రిల్‌కు బిగించిన దోమతెర మీద నూలు పీచు, వంటింటి జిడ్డు కలిసి గాలిని అడ్డుకుంటాయి; తెరను ఊడదీసి కడుక్కునేలా చట్రంతో చేయించుకోవాలి.

సామాను పెట్టుకోవడానికి కడప బండతో తలుపుల్లేని అరలు కట్టించాము. చూడటానికి గొప్పగా ఉండవు గాని, చెద పట్టవు, తడికి ఉబ్బవు, సర్ఫు పొడి ఒలికితే గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇస్త్రీ బల్లకు మాత్రం చోటు మిగలలేదు. అది ఇప్పటికీ పడకగదిలో, తలుపు వెనకే ఉంటోంది.