ఇంట్లో చేసిన టెలిస్కోప్ అద్దానికి ఏ పరీక్ష మేలు?

గాజు బిళ్లను అరగదీసి టెలిస్కోప్ అద్దం చేసుకునేవాళ్లకి అసలు టెన్షన్ అరగదీయడం దగ్గర కాదు, కొలవడం దగ్గర మొదలవుతుంది. ఉపరితలంలో ఎత్తుపల్లాల తేడా పచ్చని కాంతి తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతుకు, అంటే సుమారు 70 నానోమీటర్లకు మించకూడదన్నది పాత లెక్క. స్కేళ్లు, గేజులు అక్కడిదాకా రావు. కాంతితోనే కొలవాలి.

ఖర్చు చూస్తే 1858 నాటి ఫూకో పరీక్షను కొట్టింది లేదు. ఎల్ఈడీ, దాని ముందు సన్నని చీలిక, ఒక షేవింగ్ బ్లేడు, దాన్ని కొలిచి జరపడానికి మైక్రోమీటర్ స్క్రూ చాలు. అద్దం వక్రతా కేంద్రం (ఆ వంపు ఏ గోళంలో భాగమో దాని కేంద్రం) దగ్గర, తిరిగొచ్చే కాంతికి బ్లేడు మెల్లగా అడ్డం పెడుతూ చూస్తే గుట్టలూ గుంటలూ నీడల్లో తేలతాయి. అద్దం మీద బొటనవేలు కాసేపు ఆనించి తీసి చూడండి: ఆ వేడికి గాజు ఉబ్బి అక్కడ బొడిపె కనిపిస్తుంది, చల్లారేకొద్దీ అణిగిపోతుంది. ఫ్యాను ఆపకపోతే గాలి సుళ్లు కూడా కనబడతాయి!

చిక్కల్లా లెక్క దగ్గరే. గోళాకార అద్దమైతే అంతా ఒకేసారి మసకబారుతుంది. మనకు కావలసింది పరావలయం కాబట్టి ఒక్కో వలయం ఒక్కో చోట మసకబారుతుంది. 200 మి.మీ. వ్యాసం, 1200 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న అద్దానికి, దీపమూ బ్లేడూ కలిసి కదిలితే, నడిమికీ అంచుకీ సుమారు 2.1 మి.మీ. తేడా రావాలి. ఎక్కడ మసకబారిందో తేల్చేది కన్నే కనుక ఒకే వలయానికి నాలుగుసార్లు చూస్తే నాలుగు అంకెలొస్తాయి. సగటు తీయక తప్పదు.

రోంకీ పరీక్షలో బ్లేడు బదులు మిల్లీమీటరుకు నాలుగైదు గీతలున్న గ్రేటింగ్ పెడతాం. గీతలు నిటారుగా ఉంటే గోళం, వంగితే పరావలయం వైపు నడుస్తున్నట్టు. కొసలు ఉన్నట్టుండి వంకర తిరిగితే అంచు వాలిపోయింది. పాలిష్ మధ్యలో ఒక్క చూపుకి ఇంతకన్నా తేలిక లేదు. ఎంత తప్పిందో మాత్రం ఇది గట్టిగా చెప్పదు.

ఈ రెంటికీ సులువుగా దొరకనిది ఆస్టిగ్మాటిజం, అంటే అద్దం ఒక దిశలో ఒకలా, అడ్డదిశలో మరోలా వంగి ఉండటం. నక్షత్ర పరీక్షకు దొరుకుతుంది: ఫోకస్‌కి ఇవతల అడ్డంగా సాగిన చుక్క అవతల నిలువుగా సాగుతుంది. పూత లేని గాజు నాలుగు శాతం కాంతినే తిప్పికొట్టినా ప్రకాశవంతమైన నక్షత్రానికి అది చాలు. కదలదు కాబట్టి ధ్రువనక్షత్రాన్ని చూడమంటారు చాలామంది. మన దగ్గర అది నేలకు దగ్గరగా ఉంటుంది, మధ్యలో గాలి ఎక్కువ, బొమ్మ వణుకుతుంది. మే నెలలో రాత్రి పదింటికి దాదాపు నడినెత్తి మీదుండే స్వాతి నక్షత్రం నయం. కాకపోతే టెలిస్కోప్‌ను నెడుతూ ఉండాలి, అద్దం ముందే బయటి గాలికి చల్లబడాలి.

కాంతిని సమతల అద్దం మీంచి మళ్లీ మన అద్దానికే తిప్పి పంపి చూసే ఆటోకొలిమేషన్‌కు అద్దమంత పెద్ద ఆప్టికల్ ఫ్లాట్ (ఖచ్చితంగా చదును చేసిన గాజు) కావాలి కనుక అది ఇంటి పని కాదు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఫూకోకే. కానీ ఒక్కదాన్నే నమ్మొద్దు. హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ అద్దాన్ని కొలిచిన పరికరంలో ఒక దూరం 1.3 మి.మీ. తప్పడంతో అంచు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునైంది. వేరే పరీక్షలు తేడా చూపించినా, దీని ఖచ్చితత్వమే ఎక్కువని వాటిని పక్కన పెట్టారు. 1990లో అది కక్ష్యలోకి వెళ్లాకే సంగతి బయటపడింది.

అందుకే 150, 200 మి.మీ. అద్దానికి పాలిష్‌లో రోంకీ, అంకెలకు ఫూకో, అల్యూమినియం పూతకు పంపేముందు నక్షత్రం. 300 మి.మీ. ఎఫ్/4 (నాభ్యంతరం వ్యాసానికి నాలుగు రెట్లు) లాంటిదైతే బాత్ ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతి తరంగాలు కలిసి ఏర్పరిచే చారలతో కొలిచే పరికరం) దగ్గరికి పోవడమే మంచిది. చిన్న లేజర్, బీమ్ స్ప్లిటర్ క్యూబ్, చిన్న కటకం, చిన్న అద్దం ఉంటే కట్టుకోవచ్చు, ఉచిత సాఫ్ట్‌వేర్ ఆస్టిగ్మాటిజంతో సహా లెక్కగడుతుంది. అద్దాన్ని తిప్పి మళ్లీ కొలవండి: లోపం అద్దంతో పాటు తిరిగితే గాజుది, ఉన్నచోటే ఉంటే స్టాండుది.