53బీపీ1 ఆంటీబాడీ: నాలుగేళ్లు, ఐదు వయల్స్

డీఎన్ఏ తెగిన చోట చేరే 53బీపీ1 అనే ప్రోటీన్‌ని పట్టుకునే ఈ రాబిట్ పాలీక్లోనల్ (కుందేలులో తయారైన ఆంటీబాడీ) నాలుగేళ్లుగా వాడుతున్నా, ఇప్పుడు ఐదో వయల్ నడుస్తోంది. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కైతే (కణాల్లో ప్రోటీన్‌ని మెరిసే రంగుతో చూడటం) కళ్లు మూసుకుని కొనేయొచ్చు, వెస్టర్న్‌కి (ప్రోటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, పొర మీదకి ఎక్కించి చూడటం) మాత్రం ఓపికుంటేనే.

యూ2ఓఎస్ (మనిషి ఎముక క్యాన్సర్) కణాలకి 2 గ్రే (రేడియేషన్ డోస్ కొలత) ఎక్స్‌రే ఇచ్చి అరగంటకి ఫిక్స్ చేసి ఆంటీబాడీని 1:1000 పలచన చేసి పెడితే న్యూక్లియస్‌లో చుక్కలు ఎవరో లెక్కపెట్టి గుచ్చినట్టు వస్తాయి, బ్యాక్‌గ్రౌండ్ దాదాపు ఉండదు. డీఎన్ఏ తెగిన చోటికి ఇంకో గుర్తైన గామా హెచ్2ఏఎక్స్‌ని పట్టుకునే మౌస్ మోనోక్లోనల్ ఆంటీబాడీతో కలిపి వేస్తే రెండు రంగులూ చాలావరకు ఒకే చోట పడతాయి. 24 గంటల కవర్‌స్లిప్ చూస్తే చాలా చుక్కలు పోయుంటాయి, తెగిన డీఎన్ఏ అతుక్కుందన్నమాట.

కొత్తవాళ్లు బోల్తా పడేది కంట్రోల్‌లో. డోసే ఇవ్వని కణాల్లో కూడా ఒకటో రెండో లావుపాటి చుక్కలు కనిపిస్తాయి. మొదట్లో నేనూ ఆంటీబాడీనే తిట్టుకున్నా, బ్లాకింగ్ మార్చా, సెకండరీ మార్చా, ఒక నెల పోయింది గానీ ఆ చుక్కలు పోలేదు. తీరా చూస్తే అవి నిజం చుక్కలే! ముందు సైకిల్‌లో డీఎన్ఏ కాపీ అవ్వడం సరిగ్గా పూర్తికాని చోట్ల, కణం విడిపోయాక జీ1లో (డీఎన్ఏ మళ్లీ కాపీ అయ్యేముందు దశ) 53బీపీ1 అలా గుమిగూడుతుంది. జీ1లో కనిపించని సైక్లిన్ ఏ అనే ప్రోటీన్‌ని కూడా కలిపి స్టెయిన్ చేస్తే తెలిసిపోతుంది, లావు చుక్కలున్నవి దాదాపు అన్నీ సైక్లిన్ ఏ లేని కణాలే. మైటోసిస్‌లో (విడిపోతూ) ఉన్నవాటిలో ఎంత డోస్ ఇచ్చినా ఈ ఫోసై (చుక్కలు) రావు, వాటిని లెక్కలోంచి తీసేయండి.

ఇక వెస్టర్న్. 1972 అమైనో ఆమ్లాల ప్రోటీన్, లెక్క ప్రకారం 214 కేడీఏ (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర రావాలి, ఇదేమో 250 మార్కర్ దాటి పైనెక్కడో కూర్చుంటుంది. 10 శాతం జెల్ వేసి గంట ట్రాన్స్‌ఫర్ పెట్టి బ్యాండ్ రాలేదంటే తప్పు ఆంటీబాడీది కాదు. 6 శాతం జెల్, మెథనాల్ తగ్గించి కోల్డ్ రూమ్‌లో రాత్రంతా వెట్ ట్రాన్స్‌ఫర్, అప్పుడు వస్తుంది. కింద 70 దగ్గర ఇంకో బ్యాండ్ ఉంటుంది, నాకౌట్ (53బీపీ1 జీన్ పనిచేయకుండా చేసిన) కణాల్లోనూ అది అలాగే ఉంది కాబట్టి పట్టించుకోవడం మానేశా.

నా అసలు గొడవ లాట్‌తో, అంటే తయారీ బ్యాచ్‌తో. మూడో వయల్ వేరే లాట్, 1:300 పెట్టినా చుక్కలు మసకే, న్యూక్లియస్ అంతా పొగ పట్టినట్టు. కంపెనీకి రాస్తే ప్రోటోకాల్ పంపమన్నారు, పంపా, నాకౌట్ ఫోటోలు పంపా, మూడు వారాలు సాగదీసి చివరికి వేరే లాట్ ఇచ్చారు, ఈలోగా సగంలో ఉన్న టైమ్ కోర్స్ మళ్లీ మొదటి నుంచి చేసుకున్నా, ఆ మూడు వారాలు ఎవరిస్తారు? అప్పట్నుంచి పాత లాట్‌లో ఒక ఆలిక్వాట్ (చిన్న వాటా) మిగిల్చి, కొత్తది రాగానే ఒకే రోజు రెండూ పక్కపక్కన వేసి చూస్తున్నా. ఇప్పుడున్న లాట్ బాగుంది, నంబర్ బాక్స్ మూత మీద ఎర్ర మార్కర్‌తో రాసి, అదే లాట్‌వి ఇంకో రెండు ఆర్డర్ పెట్టేశా.