బోటు ఇంజన్ మూతకు గ్యాస్ స్ట్రట్‌లా, దన్ను కడ్డీయా, కరెంటు మోటారా: ఏది మేలు?

నా సమాధానం ముందే చెప్పేస్తా, ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదవండి. మూత ఎత్తడానికి గ్యాస్ స్ట్రట్‌లు (కారు డిక్కీని పైకి నెట్టే గ్యాసు గొట్టాల్లాంటివి) మేలు, ఎత్తిన మూతను నిలబెట్టడానికి స్టీలు దన్ను కడ్డీ మేలు, ఈ రెండు పనుల్నీ ఒకే వస్తువుకు అప్పజెప్పాలని చూస్తేనే చిక్కు. స్ట్రట్‌లు బిగించాం కదా, ఇక కడ్డీ ఎందుకని పీకి పక్కన పడేసేవాళ్లు చాలామంది, వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నా.

నేను మాట్లాడేది మామూలు ఫైబర్ బోటు గురించి, ఏడెనిమిది మీటర్ల పొడవు, డెక్కు మధ్యలో మూత, దాని కింద డీజిల్ ఇంజన్. విశాఖలో, కాకినాడలో ఉప్పునీళ్లలో తిరిగే బోటు అనుకోండి. మూత ఫైబర్‌దే అయినా లోపల ప్లైవుడ్ ఉంటుంది, అడుగున శబ్దం ఆపడానికి ఫోమ్ అంటిస్తారు, పైన మనుషులు నడుస్తారు కాబట్టి మందంగానే చేస్తారు. ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రెండో చేత్తో ఆయిల్ చూడటం శాంతంగా ఉన్న నీళ్ల మీద కుదురుతుందేమో గానీ, అల మీద బోటు పక్కకి ఒరిగినప్పుడు ఆ మూత ఎవరి మాటా వినదు.

ముందు కడ్డీ సంగతి. ఖర్చు దాదాపు లేనట్టే, లేత్ పనివాడి దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ముక్క కోయించి, ఒక చివర కీలు, ఇంకో చివర పిన్ను పెట్టిస్తే అయిపోతుంది. అందులో గ్యాసు లేదు, సీలు లేదు, పదేళ్ల తర్వాతా అంతే బలంగా ఉంటుంది, వంగితే కంటికి కనిపిస్తుంది. కానీ మూత బరువంతా మీరే ఎత్తాలి, అలా ఎత్తి పట్టుకునే ఉండి, కడ్డీని దాని చోట్లో పెట్టాలి, నడుము నొప్పి ఉన్నవాళ్లకు అదే పెద్ద పరీక్ష. ఇంకో మాట, కడ్డీ చివర ఊరికే గుంటలో ఆనించి వదిలేసే రకం బోటుకు పనికిరాదు, బోటు ఎగిరినప్పుడు మూత ఒక్క క్షణం పైకి లేస్తే చాలు, కడ్డీ జారిపోతుంది. పిన్నుతోనో గొళ్లెంతోనో లాక్ అయ్యే కడ్డీయే చేయించాలి.

కరెంటు మోటారుతో ఎత్తే ఏర్పాటు చూడటానికి బాగుంటుంది, బటన్ నొక్కితే మూత దానంతట అదే లేస్తుంది. పెద్ద బోట్లలో, మనిషి ఎత్తలేనంత బరువైన మూతలకు అదే దారి, కాదనను. కానీ మన సైజు బోటుకు నేను వద్దనే చెప్తా, కారణం చాలా సాదాది: చాలా బోట్లలో బ్యాటరీలు ఉండేది ఆ మూత కిందే. బ్యాటరీ చచ్చిపోయిన రోజున మూత తెరుచుకోదు, మూత తెరుచుకోకపోతే బ్యాటరీ దగ్గరికి వెళ్లలేరు. పెట్టే తీరాలనుకుంటే, మోటారు నుంచి మూతను చేత్తో విడదీయడానికి బయటి నుంచి అందే పిన్ను ఉందో లేదో ముందు చూడండి. ఇక పెట్రోలు ఇంజన్ అయితే ఇంకా జాగ్రత్త, పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, అడుగున చేరి కూర్చుంటుంది, అక్కడ నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టుదిట్టంగా చేసిన మోటారు తప్ప ఇంకోటి పెట్టకూడదు. మామూలు బజారు మోటారు తెచ్చి బిగిస్తే అది ప్రాణాలతో ఆటే.

కప్పీ, తాడు పెట్టి పైనుంచి లాగే పద్ధతి కూడా ఉంది, పైన ఆనుకోవడానికి గట్టి చోటు ఉంటే చాలు, బాగానే పనిచేస్తుంది. కానీ ఎండకు గుడారం తప్ప పైన ఏమీ లేని బోటుకు కుదరదు, అంతకన్నా చెప్పడానికేం లేదు.

ఇప్పుడు అసలు విషయం, గ్యాస్ స్ట్రట్. మెకానిక్కులు డిక్కీ షాకర్ అనేది, హైడ్రాలిక్ మంచాల కింద ఉండేది, ఇదే జాతి. గొట్టంలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్, కొంచెం నూనె, అందులోంచి వచ్చే మెరిసే రాడ్డు. నూనె సీలును తడిగా ఉంచుతుంది, చివర్లో మూత దబ్బున ఆగకుండా నెమ్మది చేస్తుంది. అందుకే రాడ్డు వైపు కిందికి, గొట్టం వైపు పైకి ఉండేలా బిగించాలి, తలకిందులుగా పెడితే సీలు ఎండి గ్యాసు ముందుగానే కారిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక కొత్త స్ట్రట్‌లను త్వరగా పాడు చేసుకునేవాళ్లను చూస్తుంటే నాకు బాధేస్తుంది.

ఎంత బలం ఉన్నది కొనాలి? అందరూ ఇక్కడే గుడ్డిగా పోతారు. షాపువాడు 'ఎన్ని కిలోల మూత?' అని అడిగి ఏదో ఒకటి చేతిలో పెడతాడు. మూత బరువు ఒక్కటే తెలిస్తే సరిపోదు, కీలు నుంచి ఎంత దూరంలో స్ట్రట్ పట్టుకుందో అదే అసలు లెక్క. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తీసుకెళ్లండి, మూత కీళ్లు ఊడదీయకుండానే, కీళ్లకు ఎదురుగా ఉన్న అంచు మధ్యలో మిషన్ ఆనించి చూడండి. అక్కడ 14 కిలోలు చూపించింది, కీలు నుంచి ఆ అంచుకు 100 సెంటీమీటర్లు అనుకుందాం. రెండూ గుణిస్తే 1400. స్ట్రట్‌లు మోయాల్సింది దీన్నే.

తర్వాత స్ట్రట్ ఉండబోయే గీతను అట్టముక్క మీద గీసి, కీలు నుంచి ఆ గీతకు లంబంగా ఎంత దూరమో కొలవండి. మూత మూసి ఉన్నప్పుడు 15 సెంటీమీటర్లు, సగం తెరిచినప్పుడు 19 వచ్చిందనుకుందాం. 250 న్యూటన్ల (స్ట్రట్ బలాన్ని ఇందులోనే చెప్తారు, పది న్యూటన్లు సుమారు ఒక కిలో) స్ట్రట్‌లు రెండు తీసుకుంటే కలిపి 500, పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు లోపలి గ్యాసు ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి సుమారు 1.3 రెట్లు, అంటే 650 న్యూటన్లు, కిలోల్లో 66. దాన్ని 15తో గుణిస్తే 990. కావాల్సింది 1400, అంటే ఇంకా 410 తక్కువ, 100 సెంటీమీటర్ల దూరంలో మీ చెయ్యి ఎత్తాల్సింది కేవలం 4 కిలోలు. 14 కిలోలు కాస్తా 4 అయ్యాయి! సగం లేచేసరికి మూత మనవైపు పడే బరువు తగ్గుతుంది, స్ట్రట్‌ల పట్టు పెరుగుతుంది, అక్కడి నుంచి అదే పైకి పోతుంది. మూసినప్పుడు మాత్రం ఆ 4 కిలోల బరువు మూతను కిందనే ఉంచుతుంది. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

ఇదే మూతకు 'ఇంకాస్త బలంగా ఉంటే మంచిది కదా' అని 350 న్యూటన్ల జత వేశారనుకోండి, మూసినప్పుడే లెక్క దాదాపు 1390కి చేరుతుంది, అంటే మూత ఉండీ ఉండనట్టు ఊగుతుంది. పైగా వేడి. ప్రతి పది డిగ్రీలకు స్ట్రట్ బలం సుమారు మూడున్నర శాతం పెరుగుతుంది, దాని మీద రాసి ఉండే బలం 20 డిగ్రీల దగ్గర లెక్కేసింది. మే నెల ఎండలో, ఇంజన్ నడిచాక, ఆ మూత కింద 50 డిగ్రీలు ఉండటం వింత కాదు. అప్పుడా 350 జత పది శాతం ఎక్కువ తోస్తుంది, గొళ్లెం తీయగానే మూత ఎగిరి మీ గడ్డానికి తగులుతుంది. మంచాల కోసం అమ్మే స్ట్రట్‌లు తెచ్చి పెట్టొద్దనేది ఇందుకే, పరుపుతో సహా ఎత్తడానికి చేసినవి అవి, మన మూతకు చాలా ఎక్కువ.

ఇంకో సంగతి, ఫోమ్. చాలామంది స్ట్రట్‌లు కొన్నాక శబ్దం ఎక్కువగా ఉందని ఫోమ్ అంటిస్తారు, అది పక్కల్లో తెరుచుకుని ఉంటే నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. అప్పటిదాకా బాగా లేచిన మూత సగంలో ఆగిపోతుంటే స్ట్రట్ పోయిందనుకుంటారు. మళ్లీ మిషన్ మీద పెట్టి చూడండి ముందు.

కొనేటప్పుడు స్టీలు దగ్గర కక్కుర్తి పడొద్దు. నల్ల రంగు వేసిన కారు స్ట్రట్ ఉప్పుగాలికి ఎక్కువ కాలం ఆగదు, రాడ్డు మీద తుప్పు చుక్క ఒక్కటి పడితే చాలు, అది లోపలికీ బయటికీ ఆడిన ప్రతిసారీ సీలును గీరుతుంది, గ్యాసు పోతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి, 304 కూడా తుప్పు పట్టదంటారు గానీ సముద్రం దగ్గర టీ మరకల్లాంటివి వస్తాయి. ధర కొన్ని రెట్లు ఎక్కువే, అయినా నేను అదే కొనమంటాను. చివరల్లో ఉండే గుండ్రటి బాల్ జాయింటు కూడా స్టీలుదై ఉండాలి, ప్లాస్టిక్ సాకెట్ వేడికీ ఎండకీ పెళుసెక్కి పగులుతుంది. గోదావరిలో, ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన తిరిగే బోటుకైతే మంచినీళ్లే కాబట్టి 304 చాలు, ఆనకట్ట దిగువన యానాం వైపు ఆటుపోట్ల నీళ్లలోకి వెళ్లేదైతే మళ్లీ 316కే ఓటు.

బిగించడంలో ఎక్కువమంది పట్టించుకోనిది కీళ్ల సంగతి. మూత మూసి ఉన్నప్పుడు స్ట్రట్ దాదాపు పడుకుని ఉంటుంది, దాని బలంలో ఎక్కువ భాగం మూతను పైకి కాదు, కీళ్ల నుంచి అవతలికి నెడుతుంది. మన లెక్కలో 60 కిలోలకు పైనే, రాత్రీ పగలూ, బోటు వాడినా వాడకపోయినా. ఉత్త మరలతో బిగించిన కీళ్లు ఫైబర్‌లోంచి మెల్లగా ఊడొచ్చేది అందుకే. కీళ్లకీ, స్ట్రట్ బ్రాకెట్లకీ అటు నుంచి ఇటు బోల్టులు వేసి, వెనకాల స్టీలు పలక పెట్టాలి. రంధ్రం వేశాక లోపలి ప్లైవుడ్ కనిపిస్తుంది, అది అలాగే వదిలేస్తే నీళ్లు దిగి కుళ్లుతుంది, కాబట్టి రంధ్రం కాస్త పెద్దగా తొలిచి, ఎపాక్సీ (గట్టిపడే రెండు పాళ్ల జిగురు) నింపి, గట్టిపడ్డాక మళ్లీ సరైన సైజులో వేయాలి. ఒక పూట పని పెరుగుతుంది, చేసి తీరాల్సిన పనే. డబ్బు మిగుల్చుకుందామని ఒకవైపే స్ట్రట్ పెట్టొద్దు, మూత మెలి తిరిగి రెండోవైపు రబ్బరు బీడింగ్ ఆనదు, వాననీళ్లన్నీ ఇంజన్ మీదికే. పాడైతే జంటనే మార్చాలి, పాతదాని పక్కన కొత్తది పెట్టినా ఇదే మెలిక. గొళ్లెం మాత్రం తప్పనిసరి, 4 కిలోల బరువు మీద నమ్మకం పెట్టుకుని సముద్రంలోకి వెళ్లలేం.

ఇంత మెచ్చుకున్నాక కడ్డీ కూడా ఉండాలని ఎందుకంటున్నానంటే, స్ట్రట్ చెప్పి చావదు. గ్యాసు నెమ్మదిగా పోతుంది, మూత ఇవాళ నిలబడినట్టే ఉంటుంది, తల లోపలికి పెట్టి ఇంపెల్లర్ (నీళ్ల పంపులోని రెక్కల చక్రం) విప్పుతున్నప్పుడు పక్కన పడవ వెళ్లిన అలకు దిగొస్తుంది. సగటు మనిషి మెడ మీద ఆ అంచు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సరంగులు కుర్రాళ్లను దింపి పని చేయించే బోట్లలో అయితే ఇంకా ఎక్కువ పట్టింపు ఉండాలి, ఎందుకంటే లోపల ఉన్నది మీరు కాదు, ఇంకొకరి పిల్లాడు. రాడ్డు మీద ఎర్ర గొట్టం పడి లాక్ అయ్యే రకం స్ట్రట్‌లు దొరుకుతాయి, అవి దొరికితే కడ్డీ పని అవే చేస్తాయి, దొరక్కపోతే లేత్ పనివాడి దగ్గరికి వెళ్లాల్సిందే.

మూత అంచు దగ్గర మిషన్ 5 కిలోల లోపు చూపిస్తే ఇదంతా అక్కర్లేదు, ఒక మంచి కడ్డీ చాలు, కీళ్ల మీద అనవసరమైన బలం ఎందుకు పెట్టాలి. 20 దాటితే రెండు స్ట్రట్‌లకే పరిమితం కాకుండా మూతనే రెండు ముక్కలు చేయించడం మేలని నా అభిప్రాయం, రోజూ చూసేది ఆయిలూ బెల్టూ కాబట్టి చిన్న ముక్క తెరిస్తే సరిపోతుంది. మధ్యలో ఉన్నవాటికే స్ట్రట్‌లు.

పాత స్ట్రట్‌లు తీశాక వాటిని కోయడం, రంధ్రం వేయడం, నిప్పుల్లో వేయడం అస్సలు చేయొద్దు, పనికిరావని తీసేసినవాటిలోనూ ఇంకా చాలా ఒత్తిడి ఉంటుంది. కొందరు తయారీదారులు గ్యాసు వదిలే చిన్న మర పెడతారు, బలం ఎక్కువైతే దాన్ని అర సెకను తిప్పి తగ్గించుకోవచ్చు, కానీ పోయిన గ్యాసును మీరు ఇంట్లో మళ్లీ నింపలేరు, కాబట్టి మూత బిగించి, ఫోమ్ కూడా అంటించి, ఇంజన్ ఒకసారి వేడెక్కాకే ఆ మర ముట్టుకోండి.