జిప్సం బోర్డు గోడకు ఏ యాంకర్ మేలు: ప్లాస్టిక్‌దా, మెటల్‌దా, టాగుల్ బోల్టా?

జిప్సం బోర్డు గోడలో స్క్రూకి పట్టు దొరకదు. మామూలుగా వాడే బోర్డు మందం 12.5 మిల్లీమీటర్లు. రెండు కాగితపు పొరల మధ్య గట్టిపడిన జిప్సం, అంతే. గోరుతో గీకినా రాలుతుంది. బోర్డు ముక్కలైపోకుండా నిలబెట్టేది ఎక్కువగా ముందూ వెనకా ఉన్న ఆ కాగితాలే. అందులోకి నేరుగా స్క్రూ దించితే మొదట్లో బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కొన్నాళ్లకు తెల్లటి పొడి రాల్చుకుంటూ ఊడి వస్తుంది. అందుకే మధ్యలో యాంకర్ కావాలి, అంటే స్క్రూకి పట్టు ఇవ్వడానికి ముందుగా గోడలో దించే తొడుగు. ఎక్కువమంది చేతికి ముందు దొరికేది స్క్రూలాగా తిప్పి దించే రకం: లావుపాటి నడుము, వెడల్పాటి మరలు, ముందు మొన, వెనక గుండ్రటి అంచు. ఇది ప్లాస్టిక్‌లోనూ వస్తుంది, జింక్ మిశ్రమంతో చేసిన మెటల్‌లోనూ వస్తుంది.

మెటల్ కదా, ఇదే గట్టిదని చాలామంది దాన్నే కొంటారు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. బరువెక్కువై యాంకర్ ఊడిందంటే సాధారణంగా యాంకర్ విరిగి కాదు, దాని చుట్టూ ఉన్న జిప్సం నలిగిపోయి. పట్టు ఇవ్వాల్సింది ఆ పన్నెండు మిల్లీమీటర్ల బోర్డే. కాబట్టి ఒకే సైజు, ఒకే వెడల్పు మరలు ఉంటే ప్లాస్టిక్‌కీ మెటల్‌కీ మోసే బరువులో తేడా మనం ఊహించుకున్నంత ఉండదు.

తేడా వచ్చేది దించేటప్పుడు. గోడకు లప్పం పట్టించి, నాలుగైదు కోట్ల రంగు వేసి ఉంటే ప్లాస్టిక్ మొన దిగదు, పక్కకు జారుతుంది. గట్టిగా నొక్కితే వంగిపోతుంది, తలలో ఉన్న ప్లస్ గుర్తు గాడి కూడా అరిగిపోతుంది. మెటల్ మొన పదునుగా ఉంటుంది కాబట్టి అలాంటి చోట సూటిగా దిగుతుంది. స్క్రూని పట్టి ఉంచడంలో మాత్రం ప్లాస్టిక్‌దే పైచేయి. స్క్రూ లోపలికి వెళ్తుంటే ప్లాస్టిక్ కాస్త సాగి దాని చుట్టూ బిగుసుకుంటుంది, తలుపు పక్కన అదిరే గోడలోనూ స్క్రూ త్వరగా వదులు కాదు. మెటల్‌లో సరైన లావు స్క్రూ పడకపోతే ఉత్తినే తిరుగుతుంది. గోడ మామూలు బోర్డైతే నేను ప్లాస్టిక్‌నే తీసుకుంటాను, పైన గట్టి పూత ఉంటే మెటల్. పూత మీద ప్లాస్టిక్కే వాడాలనుకుంటే యాంకర్ నడుము కన్నా సన్నటి బిట్‌తో ముందు ఒక రంధ్రం వేసుకుంటే సరిపోతుంది.

రకం ఏదైనా, పట్టు నిలిచేదీ పోయేదీ చివరి ఒకటి రెండు తిప్పుల్లోనే. మొదట పెన్సిల్ గుర్తు మీద మేకుతో చిన్న గుంట చేసుకోవాలి, లేకపోతే మొన ఇటూ అటూ తిరిగి కాగితాన్ని చింపేస్తుంది. 2వ నంబరు ఫిలిప్స్ (ప్లస్ గుర్తు) బిట్ తలలో వదులు లేకుండా కూర్చోవాలి. యాంకర్‌ని గోడకు నిటారుగా పట్టుకుని, మొన కాగితాన్ని చీల్చేదాకా గట్టిగా నొక్కుతూ తిప్పాలి. మరలు బోర్డును పట్టుకున్నాక ఇక నొక్కక్కర్లేదు. వాటంతట అవే లోపలికి లాక్కుంటాయి, మనం తిప్పుతూ పోతే చాలు. అప్పుడు కూడా బలం పెట్టి నొక్కితే మరలు జిప్సంని కోసుకుంటూ కాకుండా చిదుముకుంటూ వెళ్తాయి.

డ్రిల్ మిషన్ వాడితే తక్కువ స్పీడులో వాడాలి. టకటకమని కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ దీనికి పనికిరాదు. అంచు గోడకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే మిషన్ పక్కన పెట్టి చేతి స్క్రూడ్రైవర్ తీసుకోవడం మంచిది. అంచు కాగితంతో సమానంగా కూర్చోగానే ఆపేయాలి. ఇంకొక్క తిప్పు తిప్పితే ఇంకా గట్టిగా ఉంటుందని చెయ్యి ఊరుకోదు. ఆ ఒక్క తిప్పుతోనే మరల మధ్య ఉన్న జిప్సం పొడైపోతుంది, యాంకర్ మర అరిగిన బోల్టులాగా అక్కడే గిరగిరా తిరుగుతుంది. అలా తిరిగిందంటే ఆ రంధ్రం పని అయిపోయినట్టే. అగ్గిపుల్లలు కుక్కడం, జిగురు పోయడం లాంటి చిట్కాలను బరువు వేలాడే చోట నమ్ముకోకూడదు.

సగం దిగాక యాంకర్ మొండికేస్తే వెనక స్టడ్ ఉందన్నమాట, అంటే బోర్డును బిగించిన ఫ్రేమ్‌లోని నిలువు కలపో ఇనుప పట్టీనో. అది నిజానికి శుభవార్త. యాంకర్ తీసేసి, వెనక ఉన్నది కలపైతే ఆ చోటే ఉడ్ స్క్రూ బిగించండి, ఏ యాంకర్ కన్నా అదే గట్టిది. స్టడ్లు సాధారణంగా 40 లేదా 60 సెంటీమీటర్లకు ఒకటి ఉంటాయి. బోర్డును బిగించిన స్క్రూల తలలు అయస్కాంతానికి తగులుతాయి, వాటి వరుసే స్టడ్ వరుస.

తర్వాత స్క్రూ. యాంకర్‌తో వచ్చిందే వాడటం ఉత్తమం. వేరేది వాడాల్సి వస్తే లావు యాంకర్ మీద రాసినంతే ఉండాలి, పొడవు యాంకర్ పొడవుకు బిగించే వస్తువు మందం కలిపినంత ఉండాలి. పొట్టి స్క్రూ మొదటి మరలనే పట్టుకుంటుంది. వస్తువు గోడకు ఆనగానే ఇక్కడ కూడా ఆపాలి. బిగిస్తూనే ఉంటే స్క్రూ యాంకర్‌ని గోడలోంచి బయటికి లాగుతుంది.

ఇక టాగుల్ బోల్ట్. ఇది బోర్డు మందాన్ని నమ్ముకోదు. రెక్కలు ముడుచుకుని రంధ్రంలోంచి వెళ్లి, వెనక తెరుచుకుని, బోర్డు వెనకవైపు కాగితానికి ఆనుతాయి. బరువు వెడల్పాటి మేర మీద పడుతుంది కాబట్టి తిప్పి దించే ఏ యాంకర్ కన్నా ఎక్కువ మోస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. రంధ్రం పెద్దది, చాలా రకాలకు 12, 13 మిల్లీమీటర్లు కావాలి. రెక్కలు తెరుచుకోవడానికి వెనక ఖాళీ ఉండాలి. స్ప్రింగ్ రెక్కల రకంలో బోల్టు పూర్తిగా విప్పితే రెక్క గోడ లోపల పడిపోతుంది. పట్టీలతో బిగించే రకంలో ఆ బాధ లేదు, బోల్టు తీసినా వెనక ముక్క అక్కడే ఉంటుంది. ఇటుక గోడకు బోర్డును నేరుగా అంటించిన చోట వెనక ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లే. అక్కడ టాగుల్‌కీ చోటుండదు, తిప్పి దించే యాంకర్ మొన కూడా ఇటుకకు తగిలి ఆగిపోతుంది. బోర్డు దాటి ఇటుకలోకి దిగే పొడవాటి ప్లగ్ పెట్టడమే అక్కడ దారి.

ఎంపిక తేల్చేది కేవలం కిలోలు కాదు, బరువు లాగే దిక్కు. ఫొటో ఫ్రేమ్ గోడకు ఆనుకుని కిందికి లాగుతుంది, ఆ లాగుడుకు బోర్డు బాగానే తట్టుకుంటుంది. షెల్ఫ్ అలా కాదు. 25 సెంటీమీటర్ల వెడల్పు షెల్ఫ్ మీద 10 కిలోలు సమంగా పేర్చారనుకుందాం. బరువు కేంద్రం గోడకు 12.5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పై స్క్రూకీ బ్రాకెట్ కింది అంచుకూ మధ్య 10 సెంటీమీటర్లే ఉంటే, పై స్క్రూల మీద మొత్తం 12.5 కిలోల బరువంత లాగుడు గోడ బయటికి పడుతుంది. ఆ దూరం 20 సెంటీమీటర్లుండే పొడవాటి బ్రాకెట్ వాడితే ఇదే సగానికి తగ్గుతుంది. పైగా ప్యాకెట్ మీద వేసే అంకె చాలాసార్లు యాంకర్ ఊడిపోయే బరువే. అందులో నాలుగో వంతుకు మించి పెట్టకపోవడం క్షేమం.

కాబట్టి చిన్న ఫ్రేములకు, గడియారానికి, తాళాల హుక్కుకు ప్లాస్టిక్ చాలు. రోజూ చెయ్యి వేసి లాగే టవల్ రాడ్‌కు, పుస్తకాల షెల్ఫ్‌కు టాగుల్. కర్టెన్ రాడ్ పెట్టేముందు కిటికీ పైన తట్టి చూడండి, అక్కడ చాలాసార్లు అడ్డ కలప ఉంటుంది. టీవీకి స్టడ్ తప్ప మరో మాట లేదు. సీలింగ్‌లో తిప్పి దించే యాంకర్‌కు ఏదీ వేలాడదీయకండి, అక్కడ బరువంతా నేరుగా ఊడబెరికే వైపే లాగుతుంది. నీళ్లు తగిలి మెత్తబడిన బోర్డులో ఏ రకమూ నిలవదు, ముందు ఆ బోర్డు ముక్కను మార్చాలి.

ప్లాస్టిక్ యాంకర్ ఊడి రంధ్రం వదులైతే ఆ గోడ పాడైనట్టేం కాదు. ఆ రంధ్రాన్నే 13 మిల్లీమీటర్లకు పెంచి టాగుల్ పెట్టొచ్చు. లేదా ఐదారు సెంటీమీటర్లు పక్కకు జరిగి కొత్త యాంకర్ దించి, పాతదాన్ని లప్పంతో పూడ్చొచ్చు. ఊడిన యాంకర్‌ని మళ్లీ అదే రంధ్రంలోకి మాత్రం తిప్పకండి.